ఇరవై ఏడు మెట్లు

చింతపండు గుజ్జు ఉడుకుతున్నప్పుడు పక్కకు తిరగకూడదు. తిరిగితే అడుగంటుతుంది. ఒక్కసారి అడుగంటిందంటే ఆ మాడు వాసన ఎనిమిది రోజుల పులిహోరకూ పడుతుంది. అందుకే వీరేందర్ వెనక నిలబడి మూడుసార్లు "అక్కా" అన్నా రేణుకమ్మ తల తిప్పలేదు. రెండు చేతులతో గంటె పట్టుకుని బాండీ అడుగు గీకుతూనే, "జెప్పు తమ్మీ, ఇంటున్న" అంది.

వీరేందర్‌ది కోదాడ. సూర్యాపేటలో టూర్ల ఆఫీసు పెట్టి ఆరేళ్లయింది. ముందు గదిలో కంప్యూటరు, గోడకు విమానం బొమ్మ. వెనక రేకుల షెడ్డులో రెండు గ్యాసు పొయ్యిలు. ఆ ఆఫీసు నడిచేది ముందు గది వల్ల కాదు, వెనక షెడ్డు వల్లనని అందరికీ తెలుసు. మిర్యాలగూడ రైసుమిల్లుల వాళ్లు, కోదాడ కాంట్రాక్టర్లు ఏ దేశమైనా పోతారు గానీ, రెండు పూటలు వరసగా అన్నం, చారు పడకపోతే ఆ దేశాన్నే తిట్టిపోస్తారు. అందుకని వీరేందర్ "ఏ దేశం పోయినా మన భోజనమే" అని కరపత్రాల మీద అచ్చు వేయించాడు. ఆ భోజనం వండే మనిషి మోతె ఊరి రేణుకమ్మ. మొగుడు లింగస్వామి గొర్రెల వెంట పోతే, ఆమె పెళ్లిళ్లకూ పేరంటాలకూ వండుతూ వండుతూ, యాభయ్యో ఏట పాస్‌పోర్టు తీసుకుని విమానమెక్కింది. ఇప్పటికి మూడు టూర్లు తిరిగింది. ఇది నాలుగోది.

"వీసాలొచ్చినయ్ అక్కా. ఈజిప్టు. ముప్పై రెండు మంది. పొడులూ, పచ్చళ్లూ, ఈ గుజ్జూ ఒక్కొక్కళ్ల సూట్‌కేసులో రెండేసి కిలోలు సర్దిస్తా."

"నాతోని ముప్పై మూడు."

"అదేలే" అన్నాడు వీరేందర్.

గుజ్జు మీద నూనె తేలింది. రేణుకమ్మ పొయ్యి ఆపి, గంటెను బాండీ అంచుకు రెండుసార్లు తట్టి, కొంగుతో మొహం తుడుచుకుని అప్పుడు తిరిగింది.

"తమ్మీ, ఒక్క మాట. ఈసారి ఒక దినం నేను సూడాలె."

"చూడక్కా. ఎవరొద్దన్నారు?"

"ఎవ్వరొద్దన్లే. పోయినసారి గూడ ఎవ్వరొద్దన్లే. ఒద్దనకుంటనే తొమ్మిది దినాలు వంటింట్ల ఉన్న."

వీరేందర్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. నవ్వే మాట కాదది. పోయిన సంవత్సరం ఇటలీ నుంచి వచ్చాక మోతె బడిలో గోపిక టీచరు పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టి, "మన ఊరి నుంచి ప్రపంచం చూసొచ్చింది ఈమె ఒక్కతే. అడగండి" అంది. రేణుకమ్మ చెప్పింది. వడ్డిస్తున్నప్పుడు బల్లల దగ్గర మిల్లు సేట్లు ఏమేం మాట్లాడుకున్నారో అదంతా వరసగా, తాను చూసినట్టే చెప్పింది. వంగిన గోపురం గురించి చెబుతుంటే ఆరో తరగతి చరిత చెయ్యెత్తి, "మెట్లు ఎన్నున్నయి పెద్దమ్మా?" అని అడిగింది. బల్లల దగ్గర ఎవరూ మెట్ల మాట ఎత్తలేదు. రేణుకమ్మ నోటికొచ్చినట్టు "నూరు" అంది. ఆ పిల్ల నోట్‌బుక్కు తీసి, కింద గీత గీసి మరీ రాసుకుంది: నూరు మెట్లు.

ఆనాటి నుంచి ఆమె మనసులో ముల్లు దిగింది. నోటితో ఆడిన అబద్ధం గాలికి పోతుంది గానీ, నోట్‌బుక్కులో ఎక్కిన అబద్ధం ఎక్కడికి పోతుంది? ఆ పిల్ల తోవలో ఎదురైతే రేణుకమ్మ చెట్లకేసి చూస్తూ నడిచేది. ఇప్పుడు గోపిక టీచరు మళ్లీ కబురు పెట్టింది. ఈజిప్టు నుంచి రాగానే శనివారం బడికి రావాలట, పిల్లలు ఎదురుచూస్తున్నారట.

"ఇగ నాతోని అబద్ధం కాదు తమ్మీ. ఏదో ఒకటి నా కండ్లతోని సూసి జెప్పాలె."

వీరేందర్ ఫోనులో టూరు కాగితం తీశాడు. "ఇదిగో, ఆరో రోజు అలెగ్జాండ్రియా. సముద్రం ఒడ్డు పట్నం, రెండువేల ఏళ్ల నాటిది. కైరో నించి పొద్దున్నే పోయి సాయంత్రానికి వచ్చేయడమే. ఆ రోజు వంట తెల్లారేసరికి అయిపోద్ది, డబ్బాలు బస్సులో పెట్టుకోవడమే. నువ్వూ మాతోపాటే తిరుగు."

"సముద్రం గూడ ఉన్నదా?"

ఆమె చూసిన పెద్ద నీళ్లు సాగర్ నీళ్లే. పెద్దవూరలో ఆడబిడ్డ ఇంటికి పోయినప్పుడు కట్ట మీద నిలబడి చూసింది. విమానంలో సముద్రం మీదుగా మూడుసార్లు పోయింది, మూడుసార్లూ కిటికీ సీటు వేరేవాళ్లది.

"ఒట్టేనా?"

"ఒట్టక్కా" అన్నాడు వీరేందర్.

*

ఆరో రోజు తెల్లవారకముందే కైరో హోటలు వెనక వంటగదిలో రేణుకమ్మ అన్నం ఆరబోసింది. పొడిపొడిగా ఆరిన అన్నానికి పసుపూ నూనే పట్టించి, సూర్యాపేట నుంచి ముప్పై రెండు సూట్‌కేసుల్లో వచ్చిన గుజ్జు కలిపింది. పెరుగన్నంలో మాత్రం పెరుగు కలపలేదు. మెత్తగా మెదిపిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, పెరుగు ఒక్క చెంచాడు వేసి మూత పెట్టింది. పొద్దున పెరుగు కలిపితే ఎండకు మధ్యాహ్నానికి పులిసిపోతుంది. పాలు పోస్తే తినే వేళకు సరిగ్గా తోడుకుని కమ్మగా ఉంటుంది. ఈ కిటుకు ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు. వంకాయ రంగు చీర కట్టుకుని, తలకు నూనె పెట్టి నున్నగా దువ్వుకుని, డబ్బాలతో పాటు బస్సెక్కింది. గంటెను కడిగి తుడిచి తన చేతిసంచిలో పెట్టుకుంది. ఇటలీలో ఎవరో దాన్ని హోటల్లో మరిచిపోయి వచ్చినప్పటి నుంచి గంటె ఆమె సంచి దాటి పోవడం లేదు.

ఆమె సీటు చిట్టచివర, డబ్బాల పక్కన. ముందు మైకు పట్టుకుని హనాన్ అనే గైడు నిలబడింది. తలకు రుమాలు, నలభై ఏళ్లుంటాయి, గొంతు గట్టిది. ఆమె ఇంగ్లీషులో పది మాటలు చెబితే వీరేందర్ తెలుగులో రెండు చెప్పేవాడు. చెవుల్లో పెట్టుకునే యంత్రాలు ఒక్కొక్కరికీ పంచుతూ వచ్చిన వీరేందర్ చివరి వరస ముందే ఆగిపోయాడు. పెట్టెలో ముప్పై రెండే ఉన్నాయి.

మొదట భూమిలోపలి సమాధుల దగ్గర బస్సు ఆగింది. రేణుకమ్మ సంచి భుజాన వేసుకుని లేచింది.

"ఒక్క పావుగంటక్కా" అన్నాడు వీరేందర్ మెట్ల దగ్గర. "డ్రైవరు టీకి పోతన్నాడు. భోజనం దగ్గర ఒకళ్లుండాలి కదా. తర్వాతి దాంట్లో దిగుదువులే."

ఆమె కూర్చుంది. పావుగంట ముప్పావు గంటైంది. రెండోచోట ఏదో పెద్ద రాతిస్తంభం. ఈసారి రాజమ్మగారికి మోకాళ్లు పట్టేశాయి. రాజమ్మ మిర్యాలగూడ రైసుమిల్లు ప్రభాకర్‌రెడ్డి తల్లి, డెబ్బై దాటిన మనిషి.

"అమ్మ ఒక్కతే ఉంటది. జర సూస్కో రేణుకమ్మా" అని ప్రభాకర్‌రెడ్డి చెప్పి దిగిపోయాడు. అది అడిగినట్టూ లేదు, ఆజ్ఞాపించినట్టూ లేదు. ఫ్యాను ఆపమని చెప్పినట్టుంది. రేణుకమ్మ కిటికీలోంచి చూస్తే స్తంభం పై సగం మాత్రమే కనిపించింది. సగం స్తంభం గురించి పిల్లలకేం చెబుతుంది? ఆమెకు ఏడుపొచ్చింది. వచ్చిన ఏడుపును మింగి, డబ్బాల మూతలు ఒకటికి రెండుసార్లు బిగించింది.

మూడోది కోట. సముద్రంలోకి చాచిన చెయ్యి లాంటి ఒడ్డు చివర, తెల్లటి రాతి కోట. ఒకప్పుడు ఓడలకు దారి చూపిన దీపస్తంభం అక్కడే ఉండేదనీ, అది కూలిపోయాక ఆ చోటనే ఈ కోట కట్టారనీ హనాన్ చెబుతోంది. అందరూ దిగారు. రేణుకమ్మ ఈసారి లేవనే లేదు, కిటికీలోంచి చూడనూ లేదు.

ముందు సీట్లోంచి రాజమ్మ వెనక్కి తిరిగి చూసింది. "నువ్వు దిగవా పిల్లా?"

"డబ్బాలున్నయి గదమ్మా."

"ఓసి నీ డబ్బాలు బంగారంగాను! ఈ దేశంల నీ పులిహోర ఎవడెత్తుకపోతడే?"

"మీకు తోడు గూడ ఉండమన్నరు."

"నాకా?" రాజమ్మ మొహం ఎర్రబడింది. "నేను అడిగిన్నా? పొద్దుగాల సంది నీకే ఎండ పడదు, బస్సే నచ్చింది అనుకుంటున్న నేను. నా మోకాళ్ల మీద వెట్టి నిన్ను ఆపుతున్నరా? లే. నేను గోలి ఏసుకున్న, జర కన్నంటుకుంటది. నువ్వు పో. సూసిరాపో."

రేణుకమ్మ ఇంకో మాట వినలేదు. సంచి భుజానేసుకుని ఒక్క ఉదుటున దిగి, అటూ ఇటూ చూడకుండా ద్వారం కేసి ఉరికింది.

గుంపు అప్పటికే లోపలికి పోయింది. ద్వారం దగ్గర హనాన్ ఫోను మాట్లాడుతూ ఆమెను చూసింది. ఫోను పక్కకు పెట్టి, చేతిలోని కాగితాల కట్టలోంచి వెతికి మూడు టికెట్లు తీసింది. పొద్దున రెండుచోట్ల మిగిలిపోయిన చింపని టికెట్లు రెండు, ఈ కోటది ఒకటి. మూడూ రేణుకమ్మ చేతిలో పెట్టి, వేలితో ఆమె గుండె వైపు చూపించి ఏదో అంది. ఇంగ్లీషు రాకపోయినా ఆ మాట రేణుకమ్మకు అర్థమైంది. ఇవి నీవి. అంటే ప్రతిచోటా తన పేరున టికెట్టు తీస్తూనే ఉన్నారు. ఇటలీలోనూ తీసే ఉంటారు. ఆ వంగిన గోపురం దగ్గర కూడా.

కోట లోపల చల్లగా, సున్నం వాసనగా ఉంది. దేవికా వాళ్లూ, అంటే ప్రభాకర్‌రెడ్డి భార్యా ఆమె చుట్టాలూ, ఫొటోలు దిగి వస్తూ ఎదురయ్యారు. "ఏముంది రేణుకమ్మా, అన్నీ గోడలే" అని దాటిపోయారు. ఆమె మెట్ల దగ్గర ఆగి, చెప్పులు సర్దుకుని ఎక్కడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. చరిత కోసం ఒక్కొక్క మెట్టూ పాదం పూర్తిగా ఆనించి లెక్కపెట్టింది. పదిహేను దగ్గర మలుపు. ఇరవై రెండు దగ్గర ఒక మెట్టు మధ్యలో అరిగి గుంట పడి ఉంది. ఇరవై ఏడో మెట్టు మీద కాలు పెట్టేసరికి గోడలో సన్నటి కిటికీ, కిటికీ నిండా సముద్రం.

రేణుకమ్మ అక్కడే నిలబడిపోయింది. ఇంత నీళ్లుంటాయని ఆమెకు తెలుసు. ఇంతగా కదులుతాయని తెలియదు. నీళ్లు ఒకే రంగులో లేవు. దగ్గర ఆకుపచ్చగా, మధ్యలో నీలంగా, ఆ చివర పాలు విరిగినట్టు తెల్లగా ఉన్నాయి. అల వచ్చి కోట గోడకు కొట్టినప్పుడల్లా ఆ చప్పుడు ఆమె పాదాల కింది రాతిలోంచి కాళ్లలోకి వచ్చింది. "ఓర్నీ..." అంది పైకే. ఎంతసేపు నిలబడిందో ఆమెకు తెలియదు. వెనక నుంచి ఎవరో పిల్లలు తోసుకుంటూ ఎక్కుతుంటే గుర్తొచ్చి, లెక్క ఎక్కడ ఆగిందో మనసులో గట్టిగా పట్టుకుని ముందుకు కదిలింది. పైన ఎన్ని మెట్లు ఎక్కిందో మళ్లీ లెక్కపెట్టలేదు. కిందికి దిగాక ఒక మూల గదిలో పెద్ద విసుర్రాయి కనిపిస్తే దాని మీద చెయ్యి వేసి చూసింది. కాపలావాడు వేలు ఊపేసరికి తీసేసింది. ఎన్ని వందల మంది సిపాయిలకు పిండి విసిరిందో ఆ రాయి. విసిరిన చేతులెవరివో ఎవరైనా రాసి పెట్టారో లేదో.

బయటికొచ్చేసరికి బస్సు లేదు.

బస్సు నిలిచిన చోట ఒక గుర్రబ్బండి ఉంది. రేణుకమ్మ అటు చివరిదాకా పోయి చూసింది, ఇటు చివరిదాకా వచ్చి చూసింది.  పాస్‌పోర్టు వీరేందర్ బ్యాగులో ఉంది. ఫోను హోటల్లో వైఫై ఉంటేనే మాట్లాడుతుంది. భాష రాదు. ఏ దిక్కున కైరో ఉందో తెలియదు. "అయ్యో నా కర్మో" అని ద్వారం పక్కన అరుగు మీద కూలబడింది. ఏడ్చింది కూడా. ఎవరూ చూడకుండా కాదు, పది మంది చూస్తుండగానే ఏడ్చింది.

ఏడుపు ఆగాక నాయిన మాట గుర్తొచ్చింది. తప్పిపోయిన గొర్రె మంద పోయిన దిక్కుకు ఉరికితే దొరకదు. చివరిసారి నీళ్లు తాగిన కాడనే నిలబడ్డ గొర్రె దొరుకుతుంది. సరే, ఇక్కడే నిలబడదాం. నిలబడి ఏం చేయాలి? చూడాలి. చూడడానికే గదా వచ్చింది.

ఆమె చూసింది. పొడుగాటి గాలపు కర్రలు పట్టుకుని బండల మీద కూర్చున్న మనుషులను చూసింది. వాళ్లకు చేప పడకపోయినా తొందర లేదు. ఒడ్డున కొయ్యతో కడుతున్న పెద్ద పడవను చూసింది. దాని పక్కటెముకలు ఇంకా బయటికే ఉన్నాయి, ఒక ముసలాయన సందుల్లో నార కూరుతున్నాడు. నాలుగడుగులు పోయి మళ్లీ ద్వారం దగ్గరికి వచ్చేది. మళ్లీ ఇంకో నాలుగడుగులు పోయేది. అలా పోయి పోయి ఒక తోపుడుబండి దగ్గర ఆగింది. బండి మీద పెద్ద గుండిగ, కింద సన్నటి మంట, లోపల శనగలు ఉడుకుతున్నాయి. బండి ఆమె లావుపాటి మనిషి, చేతులకు కాల్చుకున్న మచ్చలు. రేణుకమ్మ తన చేతుల మచ్చలు చూసుకుంది.

ఆమె గాజు గ్లాసులో వేడి వేడి శనగల చారు పోసి, నిమ్మకాయ పిండి, కారం చల్లి, చెంచా వేసి ఇచ్చింది. రేణుకమ్మ సంచిలోంచి డబ్బులు తీయబోతే, ఏడ్చిన కళ్లను చూపించి, చెయ్యి ఊపేసి, బండి పక్కన స్టూలు లాగి వేసింది. రేణుకమ్మ కూర్చుని తాగింది. ఉప్పు సరిపోయింది. జీలకర్ర జర ఎక్కువైంది. కానీ కూర్చోబెట్టి, గ్లాసు చేతికిచ్చి, ఇంకా కావాలా అని కళ్లతో అడిగి ఎవరో ఒకరు తనకు వడ్డించి ఎన్నేళ్లయింది? నాలుగు టూర్లలో ఇదే మొదటిసారి. అసలు పెళ్లయ్యాకనే ఇది మొదటిసారేమో. రెండో గ్లాసు కూడా తాగింది. చారు అడుగున శనగలు అంటుతుంటే, బండి ఆమె చిన్న చెంచాతో తంటాలు పడడం చూడలేక, రేణుకమ్మ తన సంచిలోంచి గంటె తీసి అడుగు నుంచి పైకి ఒక్క తిప్పు తిప్పింది. బండి ఆమె పకపకా నవ్వింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

రెండు గంటలు గడిచాక బస్సు వచ్చింది. ముందు దిగింది రాజమ్మ, మోకాళ్ల మాట మరిచిపోయి. వెనక వీరేందర్. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా! దేవుడా! ఎక్కడికీ పోలేదు కదా? బాగున్నావు కదా?"

"గీడనే ఉన్న."

"అందరూ ఎక్కారనుకున్నా అక్కా. లెక్కపెట్టా. ముప్పై రెండు కరెక్టుగా వచ్చింది. హనాన్ కూడా చెవి యంత్రాలు లెక్కపెట్టింది, ముప్పై రెండూ వచ్చినయ్."

హనాన్ పక్కన నిలబడి రెండు చేతులూ గుండె మీద పెట్టుకుంది. రాజమ్మ ఆగలేదు. "నాకు నిద్రవట్టింది పిల్లా, లేసేసరికి డబ్బాలు గలగలమంటున్నయి. నువ్వు ఎనక ఉన్నవనే అనుకున్న. అవతల ఏదో తోటల ఆపి సాపలు పరిచిన్రు, చేతులు కడుక్కున్నరు, ఆకులేసిన్రు. ఎవ్వనికీ తెల్వలే. డబ్బ మూత తీసి, 'గంటె యాడుంది?' అని అడిగిండు మావోడు. గంటె కోసం బస్సంత ఎతికిన్రు. గంటె దొరకకపోతే అప్పుడు నిన్ను ఎతికిన్రు." 

రేణుకమ్మ చేతిలో గంటె ఉంది. ఆమె దానికేసి చూసి, వీరేందర్‌కేసి చూసింది. కోపం వచ్చింది, కానీ గొంతు పెంచలేదు.

"తమ్మీ, మా నాయిన పొద్దుమీకి దొడ్డికాడ మందను లెక్కవెట్టేటప్పుడు కుక్కను గూడ కలిపి లెక్కవెట్టేటోడు. కుక్క రాలేదంటే మందకు ఏదో అయిందని అర్థం అనేటోడు."



"సరే సరే, అయిందేదో అయింది" అన్నాడు ప్రభాకర్‌రెడ్డి బస్సు మెట్టు మీద నిలబడి. "మూడు గొట్టింది, ఆకలికి పానం పోతున్నది. గీ ఒడ్డు మీదనే వడ్డించు రేణుకమ్మా."

"నేను తిన్న పటేలా" అంది రేణుకమ్మ. గంటె వీరేందర్ చేతిలో పెట్టింది. "పెరుగన్నం ఈపాటికి మంచిగ తోడుకుంటది. అడుగు నుంచి తియ్యి."

ఆమె పోయి మళ్లీ స్టూలు మీద కూర్చుంది. ప్రభాకర్‌రెడ్డి ఏదో అనబోయాడు. "నోరు మూసుకుని ఆకు పట్టు" అంది తల్లి. ముప్పై రెండు మంది గోడ పక్కన వరసగా నిలబడి తమ అన్నం తామే పెట్టుకున్నారు. వీరేందర్ గంటె పట్టుకున్న తీరు చూస్తే రేణుకమ్మకు లేచి లాక్కోవాలనిపించింది. లేవలేదు. సముద్రం వైపు తిరిగి కూర్చుంది.

తిరుగు దారిలో వీరేందర్ చివరి వరసకొచ్చి ఆమె పక్కన, డబ్బాల మీద కూర్చున్నాడు. "అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా. ఈ ముచ్చట ఊళ్లో చెప్పమాక. మనిషిని వదిలేసి వచ్చాడంటే నా దగ్గరికి ఇంకెవరూ రారు. బడిలో కోట సంగతీ, సముద్రం సంగతీ చెప్పు చాలు. నేను కూడా వస్తా, పిల్లలకు నోట్‌బుక్కులు తెస్తా."

రేణుకమ్మ చేతి గుప్పిట విప్పింది. అందులో మూడు టికెట్లున్నాయి. వాటిలో చినిగింది ఒక్కటే.

*

శనివారం మోతె బడి వరండాలో పిల్లలు బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. గోపిక టీచరు బల్ల మీద గ్లోబు పెట్టింది. వీరేందర్ మాట తప్పలేదు, కొత్త నోట్‌బుక్కుల కట్టతో వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. చొక్కా ఇస్త్రీ మడత నలగలేదు గానీ మోకాలు ఊపడం ఆపలేకపోతున్నాడు.

రేణుకమ్మ లేచి నిలబడింది. వంద మంది పెళ్లికి వండడానికి పుట్టని భయం నలభై మంది పిల్లలను చూస్తే పుట్టింది. ముందు వరసలో చరిత ఒళ్లో నోట్‌బుక్కు ఉంది. పాతదే, అట్ట చిరిగినది.

"నేను పోయినేడు గీడ నిలవడి మస్తు ముచ్చట్లు జెప్పిన" అంది రేణుకమ్మ. "అండ్ల ఒక్కటి గూడ నేను సూడలే. నేను మూడు దేశాలు వోయిన గని మూడు వంటిండ్లు సూసిన. తినేటోళ్లు చెప్పుకుంటుంటే ఇని మీకు జెప్పిన. అది తప్పు."

 గోపిక టీచరు గ్లోబు మీది చెయ్యి తీసేసింది. వీరేందర్ మోకాలు ఆగిపోయింది.

"ఈసారి సూసిన. ఎట్ల సూసిన్నో గూడ జెప్త. నన్ను మరిచిపోయి బస్సు వోయింది. మరిచిపోయిన్రు గనుకనే రెండు గంటలు సూసిన. మరిచిపోకపోతే ఇది గూడ సూడకపోదును." ఆమె వీరేందర్ వైపు చూడలేదు, కోపంగానూ చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. బండి ఆమె గురించి చెప్పింది. శనగల చారులో ఏమేం వేస్తారో చెప్పింది. పడవ పక్కటెముకలూ, సందుల్లో నార కూరడం చెప్పింది. విసుర్రాయి చెప్పింది. చెబుతుంటే ఆమె చేతులు వాటంతటవే కదిలాయి, మాటలు ఎవరి దగ్గరా అరువు తేనక్కర లేకుండా వచ్చాయి.

ఆమె ఆగాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో పిల్లలకు తెలియలేదు. వీరేందర్ లేచాడు. వెళ్లిపోతాడనుకుంది రేణుకమ్మ. అతను కట్ట విప్పి నోట్‌బుక్కులు పంచడం మొదలుపెట్టాడు. చివరి వరస దాకా పోయి, మళ్లీ మొదటికొచ్చి, ఒకటి మిగిలితే తెచ్చి రేణుకమ్మ చేతికిచ్చాడు.

"అందరికీ వచ్చినయ్ అక్కా. చూసుకున్నా" అన్నాడు నెమ్మదిగా.

చరిత చెయ్యెత్తింది. "పెద్దమ్మా, మరి ఆ నూరు మెట్లు?"

"కొట్టెయ్ బిడ్డా. అవి నేను ఎక్కలే."

చరిత పాత నోట్‌బుక్కు తెరిచి, స్కేలు పెట్టి, ఆ మాట మీద తిన్నగా ఒక గీత గీసింది. ఆ గీత పూర్తయ్యేదాకా రేణుకమ్మ చూస్తూనే ఉంది. ఆ తర్వాత పిల్ల పెన్ను సిద్ధంగా పెట్టుకుని తలెత్తింది.

"ఈ కోటకెన్ని?"

"ఇరవై ఏడు దాకా లెక్కవెట్టిన" అంది రేణుకమ్మ. "ఆడ కిటికీల సముద్రం కనవడ్డది. ఇగ లెక్కవెట్టలే."

 చరిత కొత్త నోట్‌బుక్కు మొదటి పేజీ తెరిచి, గుండ్రటి అక్షరాలతో రాసుకుంది: ఇరవై ఏడు మెట్లు. తర్వాత సముద్రం.